గుర్రం తలలో పాము

మా కంపెనీ హెచ్‌ఆర్ విభాగం వారి కంప్యూటర్‌కు మనిషి పుట్టిన సంవత్సరం ఒక్కటి తెలిస్తే చాలు. నెలా తేదీల జోలికి అది పోదు. 1988 అయితే డ్రాగన్, 1989 అయితే పాము, 1990 అయితే గుర్రం. నేను పుట్టింది 1990 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి నాడు. కాబట్టి గుర్రాల జాబితాలో పడ్డాను. సింగపూర్‌లో ఉద్యోగం చేసుకునే తెలుగువాడు చైనా రాశిచక్రంలో ఏ జంతువైతే ఎవరికి నష్టం అని మీరు అడగవచ్చు. మొన్న సోమవారం మధ్యాహ్నం వరకు నాదీ అదే అభిప్రాయం.

ఫిబ్రవరి 17న చైనా కొత్త సంవత్సరం వచ్చింది. పాము దిగిపోయి గుర్రం ఎక్కింది. ఏడో రోజున, అంటే 23న, ఆఫీసులో విందు పెట్టారు. ఆ ఏడో రోజు చైనీయులకు మనుషులందరి ఉమ్మడి పుట్టినరోజట. విందుకు ముందే హెచ్‌ఆర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. గుర్రం సంవత్సరంలో పుట్టిన ఉద్యోగులకు ప్రత్యేక సత్కారం, హాజరు తప్పనిసరి అని. సత్కారం అన్నాక వెళ్లకుండా ఉండే తెలుగువాడిని నేనింకా చూడలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆ దువ్వెనతో ఎంత పనిపడిందో తర్వాత చెబుతాను.

అసలు సత్కారం దేనికో ముందే కనుక్కుని ఉంటే బాగుండేది. నా వరసలోనే కూర్చునే ఖాతాల విభాగం ఆంటీ (ఇక్కడ కాస్త పెద్దవయసు ఆడవాళ్లందరూ ఆంటీలే) అప్పటికే ఒక మాట చెప్పింది. పన్నెండేళ్లకోసారి మన జంతువు తిరిగి వచ్చే ఏడాది మనకు కలిసొచ్చే కాలం కాదట, గండకాలమట. ఏడాదికి ఒకరు చొప్పున అరవై మంది తైసుయ్ దేవతలు వంతులవారీగా లోకాన్ని పాలిస్తారు. మన జంతువు ఏడాదిలో మనం నేరుగా ఆయన కంట్లో పడతాం. ఉద్యోగం కదలవచ్చు, ఒళ్లు చెడవచ్చు, చేతిలో డబ్బు నిలవకపోవచ్చు. గుడికి వెళ్లి ఆయనకు నచ్చజెప్పుకోవాలి, ఏడాది పొడవునా ఒంటి మీద ఏదో ఒక ఎరుపు ఉంచుకోవాలి. ఎర్ర దారం, ఎర్ర మేజోళ్లు అంటూ ఆంటీ ఇంకేదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. ఆ మూడోది ఏమిటో అప్పుడే అడిగి ఉండాల్సింది.

వేదిక మీద గుర్రాలు మొత్తం ఐదుగురం. 1978 వాళ్లు ఇద్దరు, 1990 వాళ్లు ఇద్దరు, 2002లో పుట్టి ఇంకా మీసం కూడా సరిగ్గా రాని ఒక శిక్షణ కుర్రాడు. ఎక్కగానే ఒక్కొక్కరికి ఒక రబ్బరు గుర్రం తల తొడిగారు. మెడ దాకా దిగే తల, గోధుమరంగు జూలు, పైకి లేచిన పళ్లు. గుర్రానికి కళ్లు పక్కలకు ఉంటాయి కదా, తయారుచేసినవాడు ఆ నియమం తప్పలేదు. కానీ వాటికి రంధ్రాలు పెట్టలేదు. లోపలి మనిషికి లోకం కనిపించేది గుర్రం ముక్కుపుటాల్లోంచే. అదీ నేల వైపు. నాకు నా బూట్లు, పక్కవాడి బూట్లు, ఎవరో పారేసిన కమలాపండు తొక్క కనిపిస్తున్నాయి. లోపల కొత్త రబ్బరు వాసన, నా ఊపిరే నా మొహానికి తిరిగి కొడుతోంది.

ఆ చీకట్లో నిలబడి ఉంటే బయట మైకులో ఎవరో ఈ ఏడాది విశేషాలు చెబుతున్నారు. ఇది మామూలు గుర్రం కాదు, అగ్ని గుర్రం. పన్నెండు జంతువులనూ కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదింటితో కలిపితే అరవై ఏళ్ల చుట్టు వస్తుంది, మన ప్రభవాది అరవైలాగే. అగ్ని గుర్రం ఇంతకుముందు వచ్చింది 1966లో. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లలు పెంకిఘటాలు అవుతారని, మొగుడికి అచ్చిరారని జపాన్‌లో పాత నమ్మకం. దానికి భయపడి ఆ దేశంలో ఆ ఒక్క ఏడాది జననాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు పాతిక శాతం పడిపోయాయి. బుల్లెట్ రైలు నడిపి రెండేళ్లయినా కాని దేశం! ఇది విని రబ్బరు తల లోపల నాకు కాస్త ధైర్యం వచ్చింది. మూఢనమ్మకంలో మనం ఒంటరివాళ్లం కాము.

సరే, బహుమతి. చేతిలో ఒక ఎర్ర డబ్బా పెట్టారు. తేలికగా ఉంది. "తెరవండి, తెరవండి" అని ఫొటోగ్రాఫర్ అరుస్తున్నాడు. మిగతా నలుగురూ ఈ గడ్డ మీద పుట్టి పెరిగినవాళ్లు. మూత కొద్దిగా ఎత్తి, తడిమి చూసి, ముసిముసిగా నవ్వి మూసేశారట. ఈ సంగతి తర్వాత వీడియోలో చూశాను. నేను మాత్రం లోపలికి చెయ్యి పెట్టాను. మెత్తగా, జారిపోయే గుడ్డ. అంచు వెంబడి ఏదో దళసరి కుట్టు. ఇంకేముంది, శాలువా! సన్మానం అంటే శాలువా కాక మరేమిటి? నా అనుభవంలో ఇంకొకటి లేదు. కాస్త చిన్నదిగా ఉన్నట్టు తోచింది గానీ, ఈ మధ్య కంపెనీలన్నీ ఖర్చులు తగ్గించుకుంటున్నాయి కదా అని సరిపెట్టుకున్నాను.

"పైకెత్తండి" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఈ మనిషిని నేను క్షమించలేను. అతనికి కళ్లున్నాయి, ఆ కళ్లకు ఎదురుగా రబ్బరేమీ లేదు, నా చేతిలో ఉన్నదేమిటో స్పష్టంగా కనిపిస్తోంది. అయినా పైకెత్తమన్నాడు. రెండు కొసలూ పట్టుకుని తలకు మించి ఎత్తాను. హాలంతా ఒక్కసారి హోరెత్తింది. ఎడమ వైపు వాళ్లకు చూపించాను, కుడి వైపు వాళ్లకు చూపించాను. ఇంకా హోరు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇంత ఆదరణ ఎన్నడూ చూడని మనిషికి కళ్లు చెమర్చవా? అవి తుడుచుకునే వీలు లేదు, మధ్యలో గుర్రం ఉంది. ఇక మన పద్ధతి ప్రకారం శాలువాను మెడ చుట్టూ కప్పుకోబోయాను. అది కప్పుకోవడానికి రాలేదు. ఏదో ఒక కన్నం ఉన్నట్టుంది, గుర్రం కుడి చెవి అందులోంచి దూరిపోయింది. లాగితే సాగింది, వదిలితే టప్పున వచ్చి తగిలింది.

ఎలాస్టిక్ ఉన్న శాలువా ఉండదన్న జ్ఞానం అప్పుడు కలిగింది.

తల తీసి చూస్తే ఎర్ర డ్రాయరు. నిగనిగలాడే ఎర్ర డ్రాయరు, వెనక భాగాన బంగారు దారంతో అరచేయంత అక్షరం, అదృష్టమని దాని అర్థమట. గండకాలం గడిచేవారికి ఇక్కడ ఇదే ఆనవాయితీ. పండగ ముందు చైనాటౌన్ దుకాణాల్లో ఇవి గుట్టలుగా పోసి అమ్ముతారు, తల్లులు పిల్లలకు కొనిపెడతారు, ఎవరూ నవ్వుకోరు. తల్లులు మాత్రం వాటిని మేనేజింగ్ డైరెక్టర్ ఎదురుగా వేదిక మీద ఇవ్వరు. పైగా కొలత. నిరుడు క్రీడోత్సవానికి టీషర్టు వదులుగా ఉంటే బాగుంటుందని ఫారంలో డబుల్ ఎక్స్‌ఎల్ అని రాశాను. హెచ్‌ఆర్ వారి దగ్గర నా పుట్టిన తేదీ పనికిరాలేదు గానీ, ఆ కొలత మాత్రం భద్రంగా పనికొచ్చింది.

తర్వాత అందరూ బల్ల చుట్టూ చేరి యూషెంగ్ ఎగరేశారు. పచ్చి చేప ముక్కలు, ముల్లంగి, క్యారెట్ తురుము, వేరుశనగ పొడి, ప్లమ్ పండ్ల సాస్ అన్నీ ఒక్క పళ్లెంలో పోసి, చాప్‌స్టిక్స్‌తో ఎంత ఎత్తుకు ఎగరేస్తే ఆ ఏడాది అంత ఎదుగుదల. నేను శాకాహారిని, కాబట్టి నాకు ఎగరేసే హక్కే తప్ప తినే హక్కు లేదు. నా జుట్టులో పడిన ముల్లంగిని దువ్వెనతో తీసుకున్నాను.

ఆంటీ అప్పుడే పక్కకు వచ్చి, "ఇంతకీ నువ్వు ఏ నెలలో పుట్టావు?" అని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, ఫోనులో చూసి, నుదురు కొట్టుకుంది. 1990లో చైనా కొత్త సంవత్సరం జనవరి 27న వచ్చిందట. అంతకు ముందు పుట్టినవాడు గుర్రం ఎలా అవుతాడు? పాము. కొందరు జాతకం చెప్పేవాళ్లు ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే లిచున్ (వాళ్ల వసంతారంభం) నుంచి ఏడాదిని లెక్కపెడతారు. ఆ లెక్కనైనా పామే. "నీ గండం పోయినేడే అయిపోయింది. ఎరుపు వేసుకున్నావా?" అని అడిగింది. లేదన్నాను. "తైసుయ్ పూజ?" అదీ లేదు. "ఏమీ జరగలేదా?" అని నన్ను ఎగాదిగా చూసింది. ఆలోచించాను. ఏమీ జరగలేదు. జీతం కొంచెం పెరిగింది కూడా. ఆమె చాలా నిరుత్సాహపడింది. అయినా మంచి మనిషి కాబట్టి, ఎందుకైనా మంచిది, వాటర్‌లూ స్ట్రీట్‌లో క్వాన్ ఇమ్ గుడికి ఒకసారి వెళ్లి రమ్మంది. దాని పక్కనే శ్రీకృష్ణుడి గుడి ఉంది, చైనా భక్తులు ఇక్కడ దణ్ణం పెట్టుకుని అక్కడా అగరొత్తులు వెలిగిస్తారు. ఒకే బస్సు టికెట్టుతో రెండు పూచీలు.

ఆంటీయే ఆ పాత కథ చెప్పింది. రాశిచక్రంలో ఎవరి వరస ఏదో తేల్చడానికి, స్వర్గాన్నేలే జేడ్ చక్రవర్తి జంతువులకు పరుగు పందెం పెట్టాడట. ఎలుక ఎద్దు వీపు మీద ఎక్కి వచ్చి, చివర్లో ముందుకు దూకి మొదటి స్థానం కొట్టేసింది. పాము గుర్రం డెక్కకు చుట్టుకుని దాక్కుని వచ్చి, గమ్యం దగ్గర చటుక్కున బయటపడింది. గుర్రం బెదిరి వెనక్కి తగ్గింది. అలా పాముది ఆరో స్థానం, గుర్రానిది ఏడో స్థానం. వేల ఏళ్ల కిందట గుర్రాన్ని అలా మోసం చేసిన పాముకు ఇవాళ మా హెచ్‌ఆర్ వారు గుర్రం తల తొడిగి బదులు తీర్చారు.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న అమ్మకు ఫోను చేసి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడకు కోపం వచ్చింది. "ఉగాది రాకుండా ఏడాది ఎలా మారుతుందిరా? నువ్వు పుట్టింది శుక్ల నామ సంవత్సరంలో. ప్రమోదూత వచ్చేసరికి నీకు రెండు నెలలు దాటాయి. ఎవరి కొత్త సంవత్సరం వాళ్లకు వచ్చాకే కదా లెక్క?" చైనా ముఖం ఎరగని మా అమ్మకు నిమిషంలో అర్థమైన సంగతి ఇది. "ఆ డ్రాయరు మాత్రం పారేయకు. కొత్త బట్ట, పైగా ఎరుపు, శుభం" అని చివర్లో కలిపింది.

మర్నాడు హెచ్‌ఆర్ విభాగానికి వెళ్లాను. అక్కడ కూర్చునేది మన తెలుగమ్మాయే. ప్రతి ఉగాదికీ పంచాంగ శ్రవణంలో ముందు వరసలో కనిపిస్తుంది.

"సిస్టమ్‌లో సంవత్సరం వరకే ఉందండీ" అంది.

"జనవరిలో పుట్టినవాళ్ల సంగతి?"

"ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదండీ."

"మరి ముందే సరిచూసుకోవచ్చు కదమ్మా?"

ఆమె గొంతు తగ్గించింది. "మీరు లేకపోతే గుర్రాలు నలుగురే అవుతారండీ. నాలుగు ఇక్కడ మంచి అంకె కాదు. పెద్దవాళ్లు ఒప్పుకోరు."

అంటే తెలుసన్నమాట! నా జాతకం ఎలా పోయినా ఫరవాలేదు, వేదిక మీద లెక్క కుదరాలి. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. గుర్రానికి ఎదురు జంతువు ఎలుక. ఈ ఏడాది ఆ రెండింటినీ ఒకచోట ఉంచకూడదని, 1984లో పుట్టిన మా మేనేజర్‌ను విందులో దూరపు బల్లకు పంపించారట. ఆయన పక్కన లేకుండా నేను ప్రశాంతంగా భోంచేసిన ఏకైక ఆఫీసు విందు అదే. నన్ను పాముగా సవరిస్తే ఆ ఒక్క సుఖమూ పోతుంది. ఒక్క క్షణం వెనకాడాను కూడా. కానీ డ్రాయరు పైకెత్తిన ఫొటో అప్పటికే కంపెనీ పత్రిక ముఖచిత్రానికి ఎంపికైందని తెలిశాక, అర్జీ ఇచ్చేశాను.

ఇవాళ పొద్దున జవాబు వచ్చింది. మీ వివరాలు పాము అని సవరించాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం, తదుపరి పాము సంవత్సరమైన 2037లో మీకు సత్కారం జరుగుతుంది. అంతవరకు బాగానే ఉంది. కింద ఇంకో వాక్యం. గుర్రాలకు కేటాయించిన బహుమతి పొరపాటున మీకు అందినందున, దాన్ని ఈ సాయంత్రంలోగా వాడని స్థితిలో మా విభాగానికి అప్పగించగలరు.

అమ్మ మాట కాదనలేని మనిషిని. ఆ మెయిల్ చదివేటప్పటికి అది నా ఒంటి మీదే ఉంది.