ఆగస్టు ఆర్థోపెడిక్కులు

ఆగస్టులో టెక్సాస్ ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడుతుంది, డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అభిమానికి బుర్ర పదునెక్కుతుంది. మిగతా పదకొండు నెలలూ ఇంటిముందు గడ్డి కోయించడానికి కూడా భార్య సలహా అడిగే మనిషి ఈ ఒక్క నెలా మారిపోతాడు. జట్టులో బంతి పట్టేవాళ్ళలో ఆరో వైడ్ రిసీవర్‌ని ఉంచాలా, నాలుగో టైట్ ఎండ్‌ని ఉంచాలా అన్న విషయంలో దేవుడు దిగొచ్చి చెప్పినా వినడు. డాలస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్ళలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. పైగా కౌబాయ్స్ ఆఫీసు ఫ్రిస్కోలోనే. కాబట్టి గుడి పార్కింగులోనూ, ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుకునే దగ్గరా ఈ చర్చ చెవిన పడుతూనే ఉంటుంది.

చాలాకాలంగా వింటున్న అనుభవంతో ఒక ప్రతిపాదన చేస్తున్నాను. ఈ ఆట లీగ్‌ని నడిపే ఎన్ఎఫ్ఎల్ పెద్దలు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మనవి. సెప్టెంబరు నుంచి ఆడే అసలు మ్యాచులన్నీ రద్దు చెయ్యాలి. ఆగస్టు ఒక్కటీ ఉంచాలి.

ఇందులో అభిమాని క్షేమం తప్ప నాకు వేరే స్వార్థం లేదు. కౌబాయ్స్ చివరిసారి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. ఆ రాత్రి పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంటి లోన్లు కడుతున్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సీజనూ ఏడిపించే ముగిసింది, ప్రతి ఆగస్టూ మాత్రం 'ఈ ఏడు మనదే' అంది. ఇంత నమ్మకంగా సంతోషపెట్టే నెలని పట్టించుకోకుండా, అంతే నమ్మకంగా ఏడిపించే నెలలకి టికెట్లు కొనడం ఏం తెలివి?

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఈ ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. జూలై నెలాఖరులో శిక్షణ శిబిరం మొదలయ్యేటప్పుడు జట్టుకి 90 మంది దాకా ఉంటారు. ఆగస్టు నెలాఖరుకి 53 మందే మిగలాలి. మధ్యలో సన్నాహక మ్యాచులు ఉంటాయి. ఒకప్పుడు నాలుగు, 2021 నుంచి మూడు. వాటి స్కోరు ఎక్కడా లెక్కకి రాదు. పేరున్న ఆటగాళ్ళు చాలామంది టోపీలు పెట్టుకుని గీత అవతల నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. సీజన్ టికెట్ కొన్నవాడు మాత్రం వీటికీ డబ్బు కట్టాల్సిందే.

ఈ లెక్కకి రాని మ్యాచుల మహిమ చరిత్రకెక్కింది. 2008లో డెట్రాయిట్ లయన్స్ నాలుగుకి నాలుగూ గెలిచారు. తర్వాత అసలు సీజన్లో పదహారుకి పదహారూ ఓడారు. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌దీ అచ్చం అదే జాతకం, ఆగస్టులో 4-0, ఆ తర్వాత 0-16. గిట్టనివాళ్ళు ఇది చూపించి ఆగస్టు గెలుపులకి విలువ లేదంటారు. పక్షపాతం లేకుండా ఆలోచిస్తే తప్పెవరిది? చక్కగా గెలుస్తున్న జట్లని చెడగొట్టింది సెప్టెంబరు కాదూ? బాల్టిమోర్ రేవెన్స్ అయితే 2023 దాకా వరసగా 24 సన్నాహక మ్యాచులు గెలిచారు. నా ప్రతిపాదన ముందే అమలై ఉంటే వాళ్ళ ఊళ్ళో కప్పులు పెట్టుకోవడానికి ఈపాటికి బీరువాలు చాలేవి కావు.

ఇక చర్చల సంగతి. జట్టులో మొదటి నలభై మంది గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్ళు ఉంటారని అందరికీ తెలుసు, తెలిసిన విషయంలో మజా ఏముంది? గొడవంతా 53వ వాడి గురించి. నిన్నటిదాకా వాడి పేరు వాళ్ళ వీధిలో తప్ప ఎవరికీ తెలీదు. ఓ సన్నాహక మ్యాచు నాలుగో క్వార్టర్లో, అవతలి పక్కా రేపోమాపో పీకేయబోయే వాళ్ళే ఆడుతున్న వేళ, గాల్లోకి ఎగిరి ఒంటిచేత్తో బంతి పట్టాడు. అంతే, తెల్లారేసరికి వాడు మనింటి పిల్లాడు. వాణ్ణి వాళ్ళమ్మ ఎన్ని కష్టాలు పడి పెంచిందో మనకి తెలిసిపోతుంది. వాణ్ణి తీసేస్తే ముందు కోచ్‌ని తీసెయ్యాలి. అక్టోబరులో వాడి పేరెత్తితే మాత్రం, "ఎవరూ, ఆ పొడుగాటి కుర్రాడా?" అంటాం.

ఈ భక్తికి పురాణ ప్రమాణాలు లేకపోలేదు. 1999 ఆగస్టులో సెయింట్ లూయిస్ రామ్స్ జట్టులో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు పోయింది. ఒకప్పుడు కిరాణా దుకాణంలో రాత్రిళ్ళు సరుకులు సర్దిన కర్ట్ వార్నర్ వచ్చి ఆ సీజన్లోనే సూపర్ బౌల్ గెలిపించాడు. మరుసటి ఏడు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, మామూలుగా ఇద్దరో ముగ్గురో ఉండే చోట, నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లని ఉంచుకున్నారు. ఆ నాలుగోవాడు, కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 199వ నంబరుగా ఎంపికై, తర్వాత ఈ ఆటలో అందరికంటే గొప్పవాడనిపించుకున్న టామ్ బ్రేడీ. ఈ రెండు కథలూ చెప్పకుండా ఏ అభిమానీ వాదన మొదలుపెట్టడు. దాంతో 32 జట్ల వాళ్ళూ ఎవరి నాలుగోవాణ్ణి వాళ్ళు బ్రేడీ అనుకుంటారు, తీసేసిన రోజున బ్రేడీనే తీసేశారని శాపనార్థాలు పెడతారు.

మా ఊరి వాళ్ళకి ఇంకో కథ ఉంది, అది ఇంకా ప్రమాదకరం. బ్రాండన్ ఆబ్రీ ప్లేనోలో పెరిగాడు. సాకర్ ఆడాడు, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా చేరాడు. టీవీలో ఎవరో కిక్ కొడుతుంటే నువ్వూ కొట్టగలవన్న భార్య మాట విని మళ్ళీ మైదానంలోకి దిగాడు. 2023లో కౌబాయ్స్ కిక్కరై, కొట్టిన మొదటి 35 ఫీల్డ్ గోల్సూ వరసగా వేశాడు. భార్య మాట విని బాగుపడ్డ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు! ఆ ఏడాది నుంచీ ప్లేనోలో స్టాండప్ మీటింగుల్లో కాళ్ళు సాగదీసేవాళ్ళు ఎక్కువయ్యారు.

అయినా ఆగస్టుకి అసలు కళ తెచ్చేవి దెబ్బలు. ఆటగాడు కుంటుతూ బయటికి నడిచే పదకొండు సెకన్ల వీడియో ఫోన్లోకి వచ్చిందంటే చాలు, పొద్దున్నుంచీ జావా కోడ్ రాసుకుంటున్న మనిషికి వైద్యవిద్య దానంతటదే పట్టుబడుతుంది. మొన్న ఆగస్టులో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళాను. పిల్లలు కేక్ కోసం అరుస్తున్నారు. అల్యూమినియం ట్రేలో బిర్యానీ చల్లారిపోతోంది. ట్రే పక్కనే ఐదారుగురు ఒక్క ఫోన్ మీద వంగి, కార్నర్‌బ్యాక్‌గా ఆడే ఒకతని ఎడమ కాలిని వేలితో ముందుకీ వెనక్కీ జరుపుతున్నారు.

"చూడు బావా, మడమ ఆనించట్లేదు. ఇది హై యాంకిల్. ఆరు వారాలు."

"కాదన్నా, తొడ వెనక పట్టుకున్నాడు చూడు. హ్యామ్‌స్ట్రింగ్. గ్రేడ్ టూ."

"గ్రేడ్ టూ అయితే అలా నడుస్తాడేంట్రా? మా తోడల్లుడికి షటిల్ ఆడుతుంటే వచ్చింది, నాకు తెలీదా?"

ఆ గుంపులో నిజం ఆర్థోపెడిక్ డాక్టరు గారొకరు ఉన్నారు. రైతా వేసుకుంటూ మాట్లాడకుండా నిలబడ్డారు. ఎవరో మర్యాద కోసం, "మీరేమంటారు డాక్టరు గారూ?" అని ఫోన్ చేతికిచ్చారు. ఆయన ఒకసారి చూసి, "స్కాన్ చూడకుండా ఏమీ చెప్పలేనండి," అన్నారు. అందరూ ఆయన వంక జాలిగా చూశారు. ఆయన స్వీట్ల వైపు వెళ్ళాక మా బావ గొంతు తగ్గించి, "మంచి డాక్టరే గానీ, పాపం ఫుట్‌బాల్ తెలీదు," అన్నాడు. ఈ బావకి ఏళ్ళ తరబడి మెడనొప్పి. ఫిజియోథెరపీకి వెళ్ళమంటే టైం లేదంటాడు.

లీగ్ కూడా ఈ విద్యని తనకి చేతనైనంతలో పోషిస్తోంది. వెనకటికి వారం వారం ఇచ్చే గాయాల జాబితాలో 'ప్రాబబుల్' అని ఒక మెట్టు ఉండేది. ఆడటం దాదాపు ఖాయం అన్నమాట. 2016లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు 'క్వశ్చనబుల్' నుంచే మొదలు. అభిమానికి టెన్షన్ తగ్గకుండా ఇంత శ్రద్ధ తీసుకునే సంస్థ ఇంకోటి ఉంటుందా?

కౌబాయ్స్ వాళ్ళకి ఈ చదువు ఊరికే రాలేదు. అదే 2016లో, ఆగస్టు మొదట్లో, రెండో క్వార్టర్‌బ్యాక్ కెలెన్ మూర్ ప్రాక్టీసులో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అనుభవమున్న వాణ్ణి ఎవర్నైనా పట్టుకురండని గోల మొదలైంది. 25వ తేదీన సియాటిల్‌లో, లెక్కకి రాని మ్యాచులో, మొదటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో ఆట మొదలైన కాసేపటికే వెన్నుపూస దెబ్బతిని బయటికొచ్చాడు. సీజన్ మొదలవకుండానే ముగిసిందని ఏడుపులు. డ్రాఫ్ట్ నాలుగో రౌండులో తెచ్చుకున్న డాక్ ప్రెస్కాట్ అనే కుర్రాణ్ణి గతిలేక దింపితే, జట్టు 16లో 13 గెలిచింది. నవంబరుకి రోమో కోలుకుని వచ్చాడు. ఆగస్టులో ఆయన కోసం మొక్కుకున్నవాళ్ళే "ఇప్పుడెందుకు లెండి" అన్నారు. జనవరిలో గ్రీన్ బే చేతిలో 34-31తో ఓడిపోయారనుకోండి. అసలు మ్యాచుల మీద నా అభిప్రాయం ముందే మనవి చేశాను.

2025 ఆగస్టునైతే పిల్లల పాఠాల్లో పెట్టాలి. మైకా పార్సన్స్, జట్టు డిఫెన్స్‌కి ప్రాణం. కొత్త కాంట్రాక్టు తెగలేదని అలిగాడు, నన్ను ఇంకో జట్టుకి పంపేయండని నెల మొదట్లోనే అడిగాడు. శిబిరానికి వచ్చాడు గానీ ప్రాక్టీసు చెయ్యలేదు, నడుము పట్టేసిందన్నాడు. అవతల జెర్రీ జోన్స్. 1989లో జట్టుని 140 మిలియన్ డాలర్లకి కొన్నప్పటి నుంచీ యజమానీ ఆయనే, జనరల్ మేనేజరూ ఆయనే. కాబట్టి జనరల్ మేనేజరు పనితనం మీద యజమానికి ఎప్పుడూ ఫిర్యాదు లేదు. 22న అట్లాంటాతో చివరి సన్నాహక మ్యాచు జరుగుతుండగా పార్సన్స్ గీత అవతల ఫిజియో బల్ల మీద పడుకున్నాడు. ఆ ఫొటో బయటికొచ్చింది. శేషతల్పం మీద శ్రీమహావిష్ణువు పవళింపు మీద కూడా ఇంత వ్యాఖ్యానం వచ్చి ఉండదు. అది నడుము నొప్పా, కాంట్రాక్టు నొప్పా? నడుము నొప్పి అయితే బల్ల గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా?

28న పార్సన్స్‌ని గ్రీన్ బేకి ఇచ్చేసి, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ (డ్రాఫ్ట్ మొదటి వంతులో ఎంచుకునే హక్కులు) కెన్నీ క్లార్క్ అనే ఆటగాణ్ణీ తీసుకున్నారు. గ్రీన్ బే నాలుగేళ్ళకి 188 మిలియన్ డాలర్లు రాసిచ్చింది. నడుము మొదటి మ్యాచుకే సర్దుకుంది.

ఆరోజు పొద్దున "అడిగింది పారెయ్యక ఏంటా పీనాసితనం" అన్న మనిషే, రాత్రికి "రెండు ఫస్ట్ రౌండ్లంటే మాటలా" అన్నాడు. సెప్టెంబరు 28న పార్సన్స్ కొత్త జట్టుతో ఇక్కడికే, ఆర్లింగ్టన్‌కి, ఆడటానికి వచ్చాడు. మ్యాచు 40-40తో సమమైంది. ఇచ్చెయ్యాలన్న వాళ్ళూ వద్దన్న వాళ్ళూ తమ మాటే నెగ్గిందన్నారు. డిసెంబరులో డెన్వర్‌లో పార్సన్స్ మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. మా దగ్గర ఒకాయన "అయ్యో" అన్నాడు, ఆ నోటితోనే "అందుకే మా జెర్రీ ముందే వదిలించుకున్నాడు" అన్నాడు. ఆగస్టులో జెర్రీని ఏమన్నాడో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

అసలు ఆటగాళ్ళతో ఊహా జట్లు కట్టి పందెం కాసే ఫాంటసీ లీగ్ వాళ్ళ శోకం వేరు. ఆఫీసు పందెంలో డబ్బు కట్టినవాడికి ఆటగాడి మోకాలు సొంత ఆస్తి, పరామర్శ కూడా వీడికే చెప్పాలి. 2023 ఆగస్టంతా క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్‌కి రాజు. సెప్టెంబరు 11న మొదటి అసలు మ్యాచులో, నాలుగోసారి బంతి అందుకోగానే, మడమ వెనక ఆకిలీస్ స్నాయువు తెగింది. సెప్టెంబరు ఎలాంటిదో ఇంకా ఎవరికైనా అనుమానముంటే నేనేం చెయ్యను?

నా ప్రతిపాదనకి ఒకటే చిక్కు. ఆగస్టు కూడా అయిపోతుంది. నెలాఖరు మంగళవారం, డాలస్ టైం మధ్యాహ్నం మూడింటికి గడువు. అన్ని జట్లలో కలిపి వెయ్యి మందికి పైగా అప్పటికల్లా రోడ్డున పడతారు. "కోచ్ రమ్మంటున్నాడు, ప్లేబుక్ పట్టుకురా" అని వచ్చి పిలిచే ఉద్యోగికి ఈ లీగ్‌లో టర్క్ అని పేరు. ప్లేబుక్ ఇప్పుడు ట్యాబ్లెట్‌లో ఉంటుంది కాబట్టి అది అప్పగించి పోవాలి. కాంట్రాక్టులు చాలావాటికి గ్యారంటీ ఉండదు. వేరే జట్టేదీ తీసుకోకపోతే, రాత బాగుంటే, మర్నాడు ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి పిలుస్తారు. మన కన్సల్టెన్సీల్లో బెంచ్ లాంటిదే. రోజూ రావాలి, జీతం తక్కువ, ఎవరో ఒకరి కాలు విరిగితే గానీ ప్రాజెక్టు రాదు.

ఈ పోలిక మా వాళ్ళకెవరికీ తట్టదు. లేఆఫ్ మాటెత్తితే గొంతు తగ్గించే మనుషులే ఆ మధ్యాహ్నం పులులైపోతారు. "ముప్ఫై దాటినవాడికి అంత జీతమెందుకు, అందులో ఇద్దరు ఫ్రెషర్లు వస్తారు." "వాడు డెడ్ వెయిట్, పీకెయ్యాలి." ఏ హెచ్ఆర్ వాళ్ళూ ఇంత నిర్మొహమాటంగా మాట్లాడగా నేను వినలేదు.

మొన్నటి మంగళవారం మా ఊరి తమ్ముడొకడు పొద్దున్నుంచీ మెసేజీలు పెడుతూనే ఉన్నాడు. వీసా మీద ఉన్న కుర్రాడు, పని గంటల్లోనే 53 మంది జాబితా ఎక్సెల్‌లో తయారుచేశాడు. వయసు, జీతం, పాత దెబ్బలు, పక్కనే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. ఎరుపులో పెట్టిన, గార్డు స్థానంలో ఆడే ఒకతని గురించి, "ఇన్నాళ్ళూ బాగానే చేశాడు, కాదనను. కానీ బిజినెస్ అన్నా," అని రాశాడు. మూడు దాటాక అసలు జాబితా వచ్చింది. తను తీసేసినవాణ్ణి ఉంచారని, మేనేజ్‌మెంట్‌కి బుద్ధి లేదని తిట్టాడు. తర్వాత చప్పుడు లేదు. నాలుగింటికి ఫోనే చేశాడు.

"అన్నా, రేపు పొద్దున తొమ్మిదింటికి మా మేనేజరు పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టాడు. సబ్జెక్టులో ఏమీ రాయలేదు. హెచ్ఆర్ ఆవిడని కూడా కలిపాడు. ఏమై ఉంటుందంటావ్?"

"స్కాన్ చూడకుండా ఏమీ చెప్పలేను తమ్ముడూ," అన్నాను.