‘ప్లగ్ రుద్దండి, ఆయిల్ పెంచండి’: ఎక్సెల్ బండి మెసేజీలో ఎంత నిజం?

పాత టూ స్ట్రోక్ ఎక్సెల్, టీవీఎస్ 50 బండ్లు ఉన్నవాళ్లకి వాట్సాప్‌లో ఒక మెసేజీ తిరిగి తిరిగి వస్తోంది. బండి స్టార్ట్ కాకపోతే ప్లగ్ తీసి గరుకు కాగితంతో రుద్దాలట. చోక్ వేసి, స్టార్ట్ అయ్యేదాకా కిక్ కొడుతూనే ఉండాలట. పెట్రోల్‌లో ఆయిల్ రెట్టింపు పోయాలట. అప్పటికీ కాకపోతే తప్పంతా ఇథనాల్‌ది, అదీ కాకపోతే బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్, పోయినట్టేనట. మెకానిక్ ఖర్చు మిగిలినట్టేనని చివర్లో ఓ దండం బొమ్మ.

ఈ బండ్లు కొత్తవి కొందామన్నా దొరకవు. 2017లో బీఎస్4 కాలుష్య నిబంధనలు వచ్చాక టూ స్ట్రోక్ ఎక్సెల్ సూపర్ తయారీ ఆగిపోయింది. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్ బండి, దాని సంగతి వేరు. పొలానికీ పాలకీ ఇంకా ఆ పాత బండి మీదే తిరిగేవాళ్లు ఇలాంటి సలహాలతో దాన్ని పాడుచేసుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ప్లగ్. రుద్దడం తర్వాత సంగతి, అసలు దాన్ని చూడమని మెసేజీలో ఎక్కడా లేదు. నాలుగైదు కిక్కులు కొట్టి ప్లగ్ విప్పండి. కొన ఎండిపోయి ఉంటే పెట్రోల్ లోపలికే రావట్లేదు, అప్పుడు ప్లగ్‌ని అద్దంలా మెరిపించినా లాభం లేదు. పెట్రోల్ ట్యాప్, పైపు, కార్బొరేటర్ జెట్ (పెట్రోల్ దూరే సన్నటి రంధ్రం) చూసుకోవాలి. ట్యాంకు మూతలో గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది, అది దుమ్ముతో మూసుకుపోయినా పెట్రోల్ దిగదు. మూత తిప్పగానే ‘సుయ్’మని గాలి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే. కొన తడిసి ఉంటే మాత్రం పెట్రోల్ వస్తోంది, చూడాల్సింది కరెంటు. ప్లగ్‌ని క్యాప్‌కి తగిలించి, దాని మరలున్న భాగాన్ని సిలిండర్ హెడ్‌కి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. నీలంగా ‘టిక్’మంటూ నిప్పురవ్వ పడాలి. ప్లగ్‌ని గాల్లో వేలాడదీసి కొడితే కరెంటుకి దారి లేక కాయిల్ మీద భారం పడుతుంది. ప్లగ్ రంధ్రం పక్కనే పెట్టి కొడితే అందులోంచి చిమ్మే పెట్రోల్ ఆవిరి అంటుకోవచ్చు.

ఇక రుద్దడం. గరుకు కాగితం రేణువులు లోపలి పింగాణీ చుట్టూ ఉన్న సందులో ఇరుక్కుంటాయి, తర్వాత ఊడి సిలిండర్లో పడతాయి. పెట్రోల్‌లో ముంచి, పాత పళ్ల బ్రష్‌తో తోమి ఆరబెడితే చాలు. గ్యాప్ 0.6, 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూసుకోండి.

చోక్ సలహా అయితే పూర్తిగా తప్పు. చోక్ గాలిని తగ్గిస్తుంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు కిక్కుల వరకే దాని అవసరం. ఆపైన కొట్టే ప్రతి కిక్కూ లోపల పెట్రోల్ నింపి ప్లగ్‌ని తడిపేస్తుంది. అప్పటికే అలా అయిపోతే ట్యాప్ కట్టేసి, చోక్ తీసేసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టండి. ప్లగ్ ఆరబెట్టి బిగించాక చాలా బండ్లు అందుకుంటాయి.

అన్నిటికంటే నష్టం చేసేది ఆయిల్ సలహా. పోయాల్సింది లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల 2టీ (టూ స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్, అంటే యాభైకి ఒకటి. దాన్ని రెట్టింపు చేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని, సులువుగా స్టార్ట్ అవుతుందని చెబుతున్నారు. ఎక్కువైన ఆయిల్ పూర్తిగా కాలదు. కొంత ప్లగ్ కొన మీద పేరుకుంటుంది. మిగతాది మసిగా మారి, పొగ బయటికి పోయే దారినీ సైలెన్సర్‌నీ మూసేస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కాలిన పొగ పోతేనే కొత్త పెట్రోల్ లోపలికొస్తుంది. అంటే స్టార్ట్ అవడానికని పోసిన ఆయిలే కొన్నాళ్లకి స్టార్ట్ కాకుండా చేస్తుంది. అనుమానం ఉంటే సైలెన్సర్ చివర అరచెయ్యి పెట్టి ఇంకొకరిని కిక్ కొట్టమనండి. ప్రతి కిక్కుకీ చేతికి గాలి తగలాలి. తగలకపోతే ఇంజిన్ దగ్గర సైలెన్సర్ నట్లు వదులు చేసి మళ్లీ ప్రయత్నించండి. పెద్ద చప్పుడుతో స్టార్ట్ అయిందంటే సైలెన్సర్ జామ్ అయినట్టే. చాలాకాలం నిలిపి ఉంచిన బండైతే అందులో పురుగులు మట్టిగూడు కూడా కట్టి ఉండొచ్చు.

ఇథనాల్ మాటలో సగం నిజం ఉంది. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ అమ్మకం 2023లో మొదలైంది. పాత బండి రబ్బరు పైపులు, వాషర్లు దానికి ఉబ్బిపోవచ్చు, ట్యాంకులోకి నీళ్లు చేరితే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగుకి దిగుతుంది. కార్బొరేటర్ గిన్నెలోది గాజు సీసాలోకి వంపి చూడండి, రెండు పొరలు కనిపిస్తే ఆ పెట్రోల్ పారబోయాల్సిందే. కానీ నెలల తరబడి నిలిపిన బండిలో పెట్రోల్ ఆవిరైపోయి, మిగిలిన ఆయిల్ జెట్‌కి అడ్డుపడటం ఇథనాల్ రాకముందు నుంచీ ఉన్న జబ్బే.

ఇక బోరు. కిక్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. మధ్యలో గట్టిగా అడ్డుతగిలితే కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే బిగువు, ఉన్నట్టే. జారిపోతే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా 2టీ ఆయిల్ పోసి చూడండి, అప్పుడు బిగువొస్తే రింగులో బోరో అరిగినట్టు. బిగువు బాగానే ఉండి, పెట్రోల్, కరెంటు కూడా సరిగా ఉంటే బోరు జోలికి పోకండి. మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) కవరు తీసి వెనక చూడండి. అక్కడ జిడ్డుగా, పెట్రోల్ వాసనతో తడి ఉంటే క్రాంక్ ఆయిల్ సీల్ పోయింది. ఈ ఇంజిన్‌లో పెట్రోల్ ముందు క్రాంక్ గదిలోకి వచ్చి, అక్కడినుంచి సిలిండర్‌లోకి వెళ్తుంది. సీల్ లీకైతే ఆ దారిలో దొంగగాలి దూరుతుంది, కొత్త బోరు, కొత్త పిస్టన్ వేయించినా అదే కథ. కరెంటు బాగా వస్తున్నా కార్బొరేటర్ వైపు ‘టప్’మని పేలుతుంటే మ్యాగ్నెట్ కూడా విప్పించండి, దాన్ని పట్టి ఉంచే చిన్న కీ తెగితే టైమింగ్, అంటే నిప్పురవ్వ పడాల్సిన సమయం, తప్పుతుంది.