లెగో ఇటుక ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు

పిల్లలు ఒకదానికొకటి బిగించి ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు చేసే లెగో కంపెనీ కథ అంటూ ఒక మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. 1932లో డెన్మార్క్‌లో ఒక పేద వడ్రంగి ప్లాస్టిక్ ఇటుక కనిపెట్టాడట, జనం వెంటనే ఎగబడి కొన్నారట, అప్పటినుంచి బయటివాళ్లను దగ్గరికి రానివ్వకుండా ఆ కుటుంబమే నడుపుతోందట. వడ్రంగి, డెన్మార్క్, 1932 వరకూ సరే. మిగతాది చదువుతుంటే మాత్రం, పేరు దక్కాల్సిన మనుషులకు దక్కకుండా పోతోందని నిజంగా బాధేస్తుంది.

1932లో అక్కడ ప్లాస్టిక్ లేదు. బిల్లుండ్ ఊళ్లో 1916 నుంచి వడ్రంగి షెడ్డు నడుపుతున్న ఒలె కిర్క్ క్రిస్టియన్సెన్, మాంద్యం వచ్చి ఇళ్లు కట్టించేవాళ్లు లేకపోవడంతో ఇస్త్రీ బల్లలు, నిచ్చెనలతో పాటు చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన గొప్పతనం ఆ చెక్క పనిలోనే ఉంది. ఒకసారి కొడుకు గాడ్‌ఫ్రెడ్, బాతు బొమ్మలకు మూడు పూతలు వేయాల్సిన వార్నిష్ రెండే వేసి డబ్బు మిగిల్చానని సంబరంగా చెప్తే, రైల్వే స్టేషన్‌కి వెళ్లి, పంపేసిన ఆ బాతుల పెట్టెలు వెనక్కి తెచ్చి మూడో పూత నువ్వే వెయ్యి అని పంపాడు.

ఇక ఇటుక. దాని అసలు రూపం ఇంగ్లండ్‌కి చెందిన హిలరీ ఫిషర్ పేజ్‌ది. కిడ్డీక్రాఫ్ట్ పేరుతో 1940ల్లోనే ఒకదానిలో ఒకటి బిగిసే ఇటుకలు అమ్మినాయన. ప్లాస్టిక్ మౌల్డింగ్ మెషిన్ కొన్న క్రిస్టియన్సెన్‌ల చేతికి ఆ ఇటుకల నమూనాలు వచ్చాయి, వాటిని కొంచెం మార్చి 1949లో మార్కెట్లో పెట్టారు. ఈ మాట దాచిందేమీ కాదు, లెగో కంపెనీయే తన చరిత్రలో ఒప్పుకుంది. పేజ్ 1957లో చనిపోయాడు.

ఎగబడి కొన్నారా? మొదట్లో సరిగ్గా అమ్ముడుపోలేదు. లోపల బోలుగా ఉండటంతో కట్టింది గట్టిగా నిలిచేది కాదు. అడుగున గొట్టాలు పెట్టి, పైన బుడిపెలు వాటి మధ్య బిగుసుకునేలా చేసి, 1958 జనవరి 28న పేటెంట్‌కి దరఖాస్తు చేసింది గాడ్‌ఫ్రెడ్ హయాంలో. ఒలె కిర్క్ ఆ మార్చిలోనే కన్నుమూశాడు. ఇవాళ్టి ఇటుక అప్పటి ఇటుకకి అతుకుతుందంటే ఆ గొట్టాల చలవే. ఆ మెసేజ్‌లో గాడ్‌ఫ్రెడ్ పేరే లేదు!

బయటివాళ్ల సంగతి: 2003, 2004ల్లో కంపెనీ భారీ నష్టాల్లో కూరుకుపోయింది. అప్పుడు మూడో తరం కియెల్డ్ సీఈఓ కుర్చీ దిగి, కుటుంబానికి సంబంధం లేని యోర్గెన్ విగ్ నడ్‌స్టార్ప్‌ని కూర్చోబెట్టాడు. 2005లో లెగోలాండ్ అనే తమ వినోద పార్కుల్లో ఎక్కువ వాటా అమ్మేశారు కూడా. లెగో కంపెనీలో మాత్రం 75 శాతం వాటా ఇప్పటికీ కుటుంబ సంస్థ కిర్క్‌బీదే, మిగతా 25 శాతం లెగో ఫౌండేషన్‌ది. అంటే యాజమాన్య హక్కు ఇంట్లోనే ఉంది, నడిపేది బయటివాళ్లు. ఈసారి ఫార్వర్డ్ చేసేటప్పుడు పేజ్ పేరు, గాడ్‌ఫ్రెడ్ పేరు చేర్చి పంపండి.