సగం సూది

నిన్న సాయంత్రం వాలీబాల్ ఫైనల్లో జరిగిన సంగతి. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది కాబట్టి, వరస తప్పినా చెప్పేయడమే మంచిది.

మగపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో క్రీడా క్లబ్బుల సంవత్సరం పేర్లు రాయించుకోవడంతో మొదలవుతుంది. క్రికెట్ కాగితం ముందు నిండి, వెనక నిండి, అట్ట మీదికి పాకుతుంది. మైదానంలో ఒకేసారి ఉండేది ఫీల్డింగ్ పదకొండు, బ్యాటింగ్ ఇద్దరు, వెరసి పదమూడు మంది అని ఎంత చెప్పినా ఎవడూ వినడు. పొద్దున్నే పరుగెత్తక్కర్లేదని పసిగట్టిన బుద్ధిమంతులు చదరంగంలో చేరతారు. కబడ్డీకి ఏమీ అక్కర్లేదు అంటారు గానీ, 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేలను తవ్వి, రాళ్లేరి, ముందురోజు రాత్రి తడిపి ఉంచకపోతే మోకాళ్లకు పట్టీలు వేసే పని వార్డెన్‌ది అవుతుంది. ఆయన ఆ పని చేయరు. గీతలకు సున్నం వాడకూడదు, కళ్లలో పడితే ప్రమాదం, సుద్దపొడి వాడాలి. ఇండెంట్‌లో, అంటే సామాన్లు కావాలని పంపే కాగితంలో, సుద్దపొడి అనే రాస్తాం. వచ్చేది సున్నం.

ఇక రన్నింగ్ ట్రాక్. 400 మీటర్ల ట్రాక్‌లో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ వేస్తే, ఒక్క చుట్టులో ఎనిమిదో లేన్ వాడు దాదాపు 53 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతాడు. అందుకే రెండో లేన్ వాణ్ణి 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి, ఆపై ఒక్కో లేన్‌కూ మరో 7.67 మీటర్లు కలుపుకుంటూ పోవాలి. ఈ లెక్క తెలియని పెద్దలు గట్టు మీద నుంచి “ఆ చివరివాడు ముందే నిలబడ్డాడు, వెనక్కి రమ్మనండి” అని కేకలేస్తారు. సరే, అదీ గడిచింది. ఖోఖో గడిచింది. ఫుట్‌బాల్ వానల్లో కొంత, బురదలో కొంత గడిచింది. మిగిలింది వాలీబాల్ ఫైనల్.

నెట్ ఎత్తు నడిమధ్య కొలిచి 2.43 మీటర్లకు బిగించారు. గీతలు తడారాయి. ముఖ్య అతిథి మొదటి సర్వీస్ చేసి ప్రారంభిస్తారని చెప్పారు కాబట్టి ఆయన కండువా సర్దుకుని, రెండు చేతులూ చాచి నిలబడ్డారు. బంతి కోసం. ఆ బంతి ఆ సమయంలో పీఈటీ గారి, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడి, మోకాళ్ల మధ్య ఉంది. అందులో గాలి లేదు.

ఇక్కడ సూది గురించి కొంచెం చెప్పాలి. బంతికి గాలి కొట్టే సూది వేలెడంత కూడా ఉండదు, లోపల బోలు, మొనకు పక్కగా చిన్న రంధ్రం. దాన్ని గుచ్చే ముందు తడపాలి. గ్లిజరిన్ శ్రేష్ఠం, నీళ్లు మధ్యమం, ఉమ్మి సర్వత్రా లభ్యం. నిటారుగా పెట్టి, మెల్లగా తిప్పుతూ దించాలి. పొడిగా గుచ్చితే రబ్బరు వాల్వ్ చిరుగుతుంది, లేదా వాల్వే ఊడి లోపలికి పోతుంది. వాలుగా గుచ్చి పంపు నొక్కితే సూది మెడ దగ్గర విరుగుతుంది. వాలీబాల్‌కు కావలసింది చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోల ఒత్తిడి మాత్రమే. ఫుట్‌బాల్‌కు కొట్టినట్టు దీనికీ కొడితే పిల్లల ముంజేతులు కందిపోతాయి. ఇవన్నీ పీఈటీ గారు ప్రతి ఏడాదీ మొదటి వారంలో కొత్త పిల్లలకు నేర్పుతారు, ఒకటికి రెండుసార్లు.

ముఖ్య అతిథి చేతులు చాచి చూస్తుంటే అవన్నీ గుర్తుండవు. తడపలేదు. వాలుగా గుచ్చారు. బలంగా నాలుగుసార్లు కొట్టారు. అయిదోసారికి టిక్ మంది.

సూది మొన లోపల, మెడ బయట. గాలి మాత్రం, మహాశ్చర్యంగా, నిలిచింది. వాల్వ్ తనంతట తానే మూసుకుంది. బొటనవేలితో నొక్కితే సరిగ్గా కావలసినంత గట్టిగా ఉంది. చెవి దగ్గర ఊపితే లోపల గల్లుమంది.

అతిథి గారు సర్వీస్ చేశారు. బంతి గల్లుమంటూ నెట్ దాటింది. అవతల పుచ్చుకున్నవాడు గల్లున లేపాడు, రెండోవాడు గల్లున సెట్ చేశాడు, మూడోవాడు కొట్టడం మానేసి నవ్వడం మొదలెట్టాడు. గట్టు మీద ఆరో తరగతి పిల్లలు ప్రతి దెబ్బకీ నోటితో తాళం అందుకున్నారు. మొదటి సెట్ ఓడిన జట్టు కెప్టెన్ రెఫరీ దగ్గరికి పోయి, “సార్, ఆ బంతి చప్పుడు చేస్తోంది” అని ఫిర్యాదు చేశాడు.

రెఫరీ నియమాలు తెలిసిన మనిషి. చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు ఉండాలి, ఉంది. బరువు 260 నుంచి 280 గ్రాములు ఉండాలి. సగం సూది బరువెంతని, కలిపినా మించదు. గుండ్రంగా ఉండాలి, ఉంది. నిశ్శబ్దంగా ఉండాలని ఎక్కడా లేదు. ఆడమన్నాడు. అసలు ఈ ఆటకు బంతితో పేచీ పుట్టుకతోనే ఉంది. 1895లో విలియం మోర్గాన్ అమెరికాలో దీన్ని మొదలుపెట్టినప్పుడు బాస్కెట్‌బాల్ మరీ బరువైంది, దాని లోపలి రబ్బరు తిత్తి, అంటే బ్లాడర్, మరీ తేలికైంది. చివరికి ప్రత్యేకంగా ఒక బంతి చేయించుకోవాల్సి వచ్చింది. ఆయన బంతి గల్లుమన్నట్టు మాత్రం ఎక్కడా చదవలేదు.

రెండు సెట్లు వీళ్లవి, రెండు వాళ్లవి. ఎలా వచ్చాయో ఎవరూ చూడలేదు, అందరూ వింటున్నారు. అయిదో సెట్లో ఒక జట్టు ఎనిమిదికి చేరగానే కోర్టులు మారాలి. మారుతుంటే రెఫరీ బంతి తీసుకుని నొక్కాడు. వేలు లోపలికి పోయింది. ఇంతసేపూ దెబ్బ తిన్నప్పుడల్లా ఆ మొన లోపలి బ్లాడర్‌ను ఎక్కడో ఒకచోట పొడుస్తూనే ఉంది మరి. తర్వాతి సర్వీస్‌కు బంతి నెట్ దాకా పోయి, తీగకు ఆరేసిన తువ్వాలులా దాని మీద వాలి, మెల్లగా ఇవతలికే జారింది. గల్లు మనలేదు. అతిథి గారు చప్పట్లు కొట్టారు, అదేదో కొత్త షాట్ అనుకుని.

రెండో బంతి తెమ్మన్నారు. రిజిస్టర్ ప్రకారం వాలీబాళ్లు పద్నాలుగు. పదమూడు చచ్చి ఏళ్లయింది, కానీ కమిటీ వచ్చి చూసి రిజిస్టర్లోంచి కొట్టేసేదాకా అవి బతికున్నట్టే లెక్క. పోనీ వాటిలో ఒకదానికి గాలి కొడదామన్నా సూది లేదు. స్కోరు 8–7 దగ్గర ఆగింది. బహుమతి రెండు జట్లకూ ఇచ్చి ఫోటో తీశారు. కప్పు ఒకటే కాబట్టి చెరో చెవి పట్టుకున్నారు.

ఈ రోజు పొద్దున స్టోర్‌కు సూది కోసం వెళ్తే స్టోర్‌కీపర్ గారు రిజిస్టర్ తిప్పారు. సూది ఇనుప వస్తువు, కాబట్టి శాశ్వత సామగ్రి. పాతది అప్పగిస్తేనే కొత్తది. మెడ భాగం బల్ల మీద పెడితే, ఆయన కళ్లజోడు సవరించుకుని, “ఇది సగమే కదండీ, మిగతాది?” అన్నారు.

“బంతిలో ఉందండీ.”

“తీసుకురండి.”

“బంతి కోయాలండీ.”

“అమ్మో, బంతి మీద బ్లేడు పెడితే స్టాకు ధ్వంసం కింద వస్తుందండీ. రికవరీ మీ జీతంలోనే. ముందు బంతిని కమిటీ కొట్టేయాలి.”

కమిటీ ఎప్పుడొస్తుందంటే, కొట్టేయాల్సిన వస్తువుల జాబితా పంపాకట. జాబితాలో ప్రతి వస్తువు పక్కనా లోపం రాయాలట. ఈ బంతి పక్కన “లోపల సూది” అని రాస్తే, సూది స్టాకులోనే ఉన్నట్టు తేలుతుంది కాబట్టి కొత్త సూది ఇవ్వడం అసలే కుదరదట.

తిరిగొస్తుంటే ఫుట్‌బాల్ క్లబ్ కెప్టెన్ ఎదురయ్యాడు, చంకలో మెత్తటి బంతితో. “సార్, కొంచెం గాలి…”