బీలను నీరున్నప్పుడు కొలవండి

మే నెలలో శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల (వాన నీరు నిలిచే చిత్తడి నేల) మీదికి వెళ్లిన సర్వేయరుకు ఎండిన మట్టి, అక్కడక్కడ తుంగ, మేస్తున్న పశువులు కనిపిస్తాయి. అక్టోబరులో అదే గట్టు మీద నిలబడిన రైతుకు చూపు ఆనినంత మేర నీరే కనిపిస్తుంది. మన రెవెన్యూ రికార్డులు వేసవి చూపునే నమ్మాయి. నాగలి దిగని ప్రతి నేలనూ బంజరనో పోరంబోకనో రాసిపెట్టారు. శ్రీకాకుళం తీరంలో ప్రకృతికి జరిగిన నష్టంలో పెద్ద భాగం ఆ రాతతోనే మొదలైందని మా అభిప్రాయం.

సోంపేట వైపు బీల అన్నా, సంతబొమ్మాళి వైపు తంపర అన్నా ఆ నేల చేసే పని ఒకటే. కొండల మీద నుంచి గెడ్డలు (వాగులు) మోసుకొచ్చే వాన నీటిని సముద్రంలో కలిసేలోపు పట్టి నిలిపి, మెల్లగా భూమిలోకి ఇంకించి, చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో మంచినీటి ఊట తగ్గకుండా, సముద్రపు ఉప్పునీరు లోపలికి పాకకుండా కాపాడుతుంది. చేపలు, పశువుల మేత, చాపలల్లే తుంగ ఆ నేల ఇచ్చే అదనపు ఫలాలు. ఏటా తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లు పిల్లలకు మేత తెచ్చేది కూడా ఇలాంటి నీళ్ల నుంచే.

ఈ నేలలను థర్మల్ విద్యుత్ కేంద్రాలకు కేటాయించినప్పుడు జనం ఎదురు తిరిగారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ప్రాంతంలో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేట ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా సరిగ్గా ఆ జులై 14వ తేదీనే. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న బాధ మమ్మల్ని నేటికీ వదల్లేదు. కాకరాపల్లి కాల్పులకు నెల ముందు, జనవరి 28న, పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో తీర్పు చెబుతూ, గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి వాటిని ఊరికే తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

పేదరికమూ అవసరమే అన్నిటికన్నా పెద్ద కాలుష్య కారకాలు కావా అని 1972లో స్టాక్‌హోమ్ సదస్సులో ఇందిరాగాంధీ అడిగారు. ఆ ప్రశ్నను మేము తోసిపుచ్చడం లేదు. బతుకుతెరువు కోసం గుజరాత్ రేవులకు వెళ్లి పడవలెక్కే మన మత్స్యకారులను చూసిన వారెవరూ ఈ జిల్లాకు పరిశ్రమ వద్దని అనలేరు. అయితే బీల మీద బతికే కుటుంబం బీలను పాడుచేయలేదు. అది పాడైన నాడు వలస పోవలసి వచ్చేది మాత్రం ఆ కుటుంబమే.

విజయనగరం జిల్లా చెరువులు, బందల (చిన్న చెరువుల)దీ ఇదే కథ. మదుములు (తూములు) పూడిపోతున్నాయి, చెరువు గర్భంలోకి ఇళ్ల స్థలాలు దిగుతున్నాయి, ఆయకట్టు రైతు బోరును నమ్ముకుంటున్నాడు.

చట్టాలకు కొదవ లేదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం 2002లో వచ్చింది. చిత్తడి నేలల నిబంధనలు 2010లో వచ్చి, 2017లో మారాయి. అదే 2002లో కొల్లేరుకు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు దక్కింది. కానీ చిత్తడి నేల అని కాగితం మీద లేనిదాన్ని ఏ నిబంధన కాపాడుతుంది? 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ఈ తప్పును దిద్దేందుకు దొరికిన అవకాశం. బంజరు పద్దులో ఉన్న ప్రతి బీలనూ, తంపరనూ విడిగా తీసి, చేపలు పట్టేవారూ పశువులు మేపేవారూ కూర్చున్న గ్రామసభలో చదివి వినిపించి, వారి అభ్యంతరాలు రాసుకున్న తరువాతే హద్దు ఖరారు చేయాలి. ఆ తరువాత జాప్యం లేకుండా చిత్తడి నేలలుగా నోటిఫై చేయాలి.

ఆ కొలత ఎప్పుడు జరగాలన్నది చిన్న విషయం కాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే విరుచుకుపడ్డాయి. ఆ రోజుల్లో నీరు ఎంతవరకు వచ్చి నిలుస్తుందో గట్టు మీది పల్లెల్లో పెద్దవారికి తెలుసు. వారిని వెంటబెట్టుకుని సర్వే సిబ్బంది అక్టోబరులోనే వెళ్లాలి, నీటి అంచు వెంబడే హద్దురాళ్లు పాతాలి.