ట్యాంక్‌బండ్ మీది సురవరం విగ్రహానికి

అయ్యా ప్రతాపరెడ్డి గారూ,

నమస్కారం. రేపు మే 28, మీ జయంతి. ఏడాదిగా పావురాలు వేసిన రెట్టను ఈ సాయంత్రం ట్యాంకర్ నీళ్ళతో కడుగుతారు, ఓపిక పట్టండి. పొద్దున్నే అల్యూమినియం నిచ్చెన, దాని వెనకే బంతిపూల దండ, ఆ వెనకే నాయకుడు వస్తారు. ఆయన నాలుగు మెట్లెక్కి, దండ సగం వేసి, కెమెరాల వైపు తిరుగుతారు. "సార్, ఇంకొక్కసారి" అంటారు మా ఫొటోగ్రాఫర్లు. దండ తీసి మళ్ళీ వేస్తారు. అది మీ ముక్కుకు అడ్డం పడినా ఫర్వాలేదు, సారు మొహం కనబడితే చాలు. ఎల్లుండి పేపర్లో "ఘన నివాళి" అని వస్తుంది. మీరు రాసిన వాక్యం ఒక్కటీ ఉండదు లెండి, వెతక్కండి.

నిజాం ఏలుబడిలో, 1926లో, గోలకొండ పత్రిక పెట్టి సర్కారు కంట్లో నలుసయ్యారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 354 మంది కవుల్ని పోగేసి 1934లో సంచిక అచ్చువేశారు. ఎంత చాకిరీ! మేమైతే టీవీలో డిబేట్ పెట్టి గంటసేపు అరిచి పంపేసేవాళ్ళం. కవి ఒక్కడూ దొరక్కపోయినా రేటింగు దొరికేది.

1986లో ఎన్టీఆర్ ఈ గట్టు మీద విగ్రహాలు నిలబెట్టించిన దగ్గర్నుంచి చూస్తున్నాను, కంచులో మీరు అందరికీ తెగ నచ్చేశారు. ఎందుకు నచ్చరు? విలేకరులకు సర్కారిచ్చే గుర్తింపు, ఆ అక్రెడిటేషన్ కార్డు అడగరు. హెల్త్ కార్డు పనిచేయడం లేదని గోల చేయరు. ప్రెస్‌మీట్‌లో చివరి వరసలోంచి లేచి ఇబ్బందిపెట్టే ప్రశ్న వేయరు. మొదటి పేజీ నిండా సర్కారు ప్రకటన పడిన రోజున మూతి ముడవరు. ఇంత బుద్ధిమంతుడైన సంపాదకుడు దొరికితే తెలుగు విశ్వవిద్యాలయానికి మీ పేరు పెట్టుకోవడం ఒక లెక్కా?

ఒక్క సాయం చేసిపెట్టండి. రేపు దండ వేసేటప్పుడు మీ నోటికీ సారు చెవికీ జానెడు దూరం కూడా ఉండదు. మాకంత యోగం లేదు, గన్‌మెన్ మధ్యలోనే నెట్టేస్తారు. మా విలేకరుల ఇళ్ళ స్థలాల ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతోందో మెల్లగా అడగండి. జవాబు రాకపోతే ఏం రాయాలో మీకు నేను చెప్పాలా?

ఇట్లు,
కాలమ్ ఇంకా ఊడని ఒక విలేకరి