ప్రజలకు విజ్ఞప్తి

నిన్న సాయంత్రం నుంచి మా వీధిలో నాతో ఎవరూ సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడినా "గొంతు బానే ఉందా?" అని ఒక్క ముక్క అడిగి వెళ్ళిపోతున్నారు. అది పరామర్శ కాదని నాకూ తెలుసు.

బాలాజీ జంక్షన్ దగ్గర బండి జారి కాలికి కట్టు పడింది. నాది మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం. తిరక్కపోతే ఇన్సెంటివ్ లేదు. మంచం దిగలేనివాడికి ఏ పని దొరుకుతుందా అని ఫోన్లో వెతికితే వాయిస్ ఓవర్ తగిలింది. అంటే ప్రకటనలకీ వీడియోలకీ వెనక నుంచి గొంతు ఇవ్వడం. పెట్టుబడి నోరే. అందులోనూ మనది విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల వచ్చి చదువుకున్నదీ అక్కడే. ఆ గాలి పీల్చి పెరిగినందుకైనా నెలకో రెండు వేలు రాకపోతాయా అనుకున్నాను.

సాధన మొదలుపెట్టాను. పళ్ళ మధ్య పెన్సిల్ పెట్టుకుని పేపరు చదవడం, ఒకే వాక్యాన్ని కోపంగా, ప్రేమగా, అనుమానంగా చెప్పి చూసుకోవడం. నేను ఎంచుకున్న వాక్యం "కాఫీ చల్లారిపోయింది". ప్రేమగా చెప్పినప్పుడు మా ఆవిడ పట్టించుకోలేదు. అనుమానంగా చెప్పినప్పుడు మాత్రం ఆ పూటకి కాఫీయే లేదు.

మైకు కొన్నాక ఒక ఏజెన్సీ కుర్రాడు దొరికాడు. వయసు పాతిక ఉంటుందేమో, నన్ను 'బ్రో' అంటాడు. శాంపిల్ వేవ్ ఫైల్లో పంపాలిట. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గదిలో చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ దాటకూడదట. ఇన్ని లెక్కలు చెప్పినవాడు డబ్బులెంతని అడిగితే మాత్రం "ముందు శాంపిల్ చూద్దాం బ్రో" అన్నాడు. ఎనర్జీ ఉండాలి కానీ అరవకూడదు. నవ్వు వినబడాలి కానీ సీరియస్‌గా ఉండాలి. శ్రీకాకుళం యాస అస్సలు వద్దు. మాది విజయనగరం అంటే, "రెండూ ఒకటే కదా బ్రో" అన్నాడు. అప్పుడే ఫోన్ పెట్టేయాల్సింది.

ప్రభుత్వ ప్రకటన లాంటిది ఒకటి కావాలన్నాడు. స్క్రిప్టు? "మీరే రాసేసుకోండి." రాసుకున్నాను. "ప్రజలకు విజ్ఞప్తి. ప్రధాన పైపులైను మరమ్మతుల కారణంగా రేపు, ఎల్లుండి మంచినీటి సరఫరా నిలిపివేయబడును. కావున ప్రజలు సహకరించవలసినదిగా కోరడమైనది."

ఫ్యాను ఆపి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకుతో సహా మందపాటి దుప్పటి కప్పుకున్నాను. కట్టు కట్టిన కాలు ఒక్కటే బయట. గదిలో గొంతు మోగకుండా ఉండటానికి అందరూ చెప్పే చిట్కా ఇదే. ఎవరూ చెప్పనిదేమిటంటే, దుప్పటి ప్రతిధ్వనిని మింగుతుంది కానీ గొంతు కిటికీ దాటిపోకుండా ఆపదు. కాస్త మొద్దుబారుస్తుంది, అంతే. అలా మొద్దుబారిన గొంతు వీధిలోవాళ్ళకి, పక్క వీధిలో తిరుగుతున్న మైకు ఆటోలాగా వినిపించింది.

పైగా నా స్క్రిప్టు నిండా 'ప'లే. 'ప' అన్నప్పుడల్లా పెదాల మధ్య నుంచి గాలి ఫట్‌మని పోయి మైకుని కొడుతుంది. ప్రజలు, ప్రధాన, పైపులైను. మైకుని పక్కకి తిప్పాను, జానెడు దూరం జరిపాను. మళ్ళీ చెప్పాను, మళ్ళీ మళ్ళీ చెప్పాను. నాకది టేకు. వీధికి, ఆటో మలుపు తిరిగి వెనక్కి రావడం.

ఆ తర్వాతి సంగతులన్నీ ప్రత్యక్ష సాక్షులు చెప్పినవే. ముందు ఎదురింటి పిన్నిగారు "ఓలమ్మా, రెండ్రోజులు నీళ్ళు రావట!" అన్నారు. డ్రమ్ములు బయటికొచ్చాయి. కుళాయి వచ్చే వేళ కావడంతో అందరూ ఒకేసారి తిప్పారు, ధార దారమైపోయింది. దాంతో, అప్పుడే కట్టేస్తున్నారని భయం ఇంకా పెరిగింది. మేడ మీదివాళ్ళు పెళ్ళికి వాడి అటకెక్కించిన గంగాళం దించారు. మూలింటాయన పిల్లాడి స్నానం తొట్టి నింపి, పిల్లాణ్ణి పక్కన కాపలా పెట్టాడు. వాడు అందులో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఒకావిడ పూలకుండీలో మట్టి తీసేసి కడుగుతూ కనబడిందంటారు. అది మాత్రం నేను నమ్మను.

ఈలోగా కుళాయి తిప్పే అతను సైకిల్ మీద వచ్చాడు. అందరూ చుట్టుముట్టారు. "నాకు సెప్పకుండా ఎవుడు కట్టేత్తాడండీ?" అన్నాడు. సరిగ్గా అప్పుడే నేను మళ్ళీ అందుకున్నాను. అతను సైకిల్ స్టాండేసి, తల ఒక పక్కకి వంచి, చివరి 'కోరడమైనది' దాకా విన్నాడట. విని, "ఇది గవర్నమెంటోళ్ళ గొంతే" అని తేల్చి, ఆఫీసుకి ఫోన్ చేయడానికి పక్కకెళ్ళాడట. నా నటనకి ఇప్పటిదాకా వచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది. నేను వినలేకపోయాను. హెడ్‌ఫోన్లు.

దుప్పటి లేపింది మా అమ్మ. "ఒరేయ్, ఊరంతా నీళ్ళు పట్టుకుంటుంటే..." అని మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకుని "సహకరించవలసినదిగా" దగ్గరున్నాను. కళ్ళు తెరిచేసరికి కిటికీ ఊచల మధ్య ఏడెనిమిది మొహాలు. నేనింకా ఆపలేదు. టేకు మధ్యలో ఆపకూడదని ఆ బ్రోయే చెప్పాడు.

మిగతాది రాయను. రాత్రికి ఫైలు మాత్రం పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది. "వెనకాల బిందెల సౌండ్ చాలా నేచురల్‌గా ఉంది బ్రో, కానీ మాకు క్లీన్ వాయిస్ కావాలి. ఆ ఎఫెక్ట్ ఎక్కడ డౌన్‌లోడ్ చేశారు?"

దీనికేం రాయాలా అని ఆలోచిస్తుంటే అమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. కుక్కరు, ఇడ్లీ పాత్ర, పాలగిన్నె అన్నీ నీళ్ళతో నింపేసి ఉన్నాయట.

"పప్పు దేంట్లో వండమంటావురా?"